ఈరమ్మ తలుపుచాటు డ్యాన్సు

మేనకోడలి కడుపుకొచ్చిన కష్టాన్ని కళ అనుకొని, ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా బస్సులో ఊరేగించిన మహానుభావుణ్ణి నేను. నవ్వదలచుకున్నవాళ్లు ముందే నవ్వేయండి.

మా అక్కాబావలది హాలహర్వి దగ్గర పల్లె. వానలు ముఖం చాటేసిన ఏడు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతూ నాలుగేళ్ల ఈరమ్మను మా ఇంట్లో వదిలారు. కొన్నాళ్లకు పిల్ల ఒక వింత మొదలుపెట్టింది. అన్నం తిన్నాక తలుపు వెనక్కి పోయి, మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు మెలిపెట్టి, కొయ్యలా బిగుసుకునేది.

"ఏం చేస్తాండావు పాపా?"

"ఏం లేదు మామా."

గొప్ప కళాకారులకు ఇంత వినయం మామూలే కదా. వీడియో తీసి అక్కకు పంపాను. "మన ఈరికి డ్యాన్సు వచ్చక్కా. ఎవురూ నేర్పకుండానే వచ్చింది." చేనిగట్టు మీద కూర్చుని అక్క దాన్నే మళ్లీ మళ్లీ చూసుకుందట.

నా భార్య సుజాతకు మాత్రం అనుమానం. "డ్యాన్సో ఏమో గానీ, లాగూకు మరకలైతాండాయి. డాక్టరుకు చూపిద్దాం."

"విరేచనాలేలే," అని, అవి ఆగే మందు తెచ్చి పోశాను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. మా ఇంట్లో పరిమళిస్తున్నది పువ్వు కాదని నాకు తట్టలేదు.

ఆదోనిలో డ్యాన్సు నేర్పే మేడం ముందు ఈరమ్మను నిలబెట్టాను.

"ఏదీ, చెయ్ తల్లీ," అన్నారు మేడం.

"ఇప్పుడు వస్తాలేదు," అంది ఈరమ్మ.

"మరి ఎప్పుడొస్తాది?"

"అన్నం తిన్యాక."

"అన్నం తిన్యాక ఏమొస్తాది?"

"దొడ్డికి."

మేడం నన్ను ఎగాదిగా చూసి, "ముందు పిల్లల డాక్టరు కాడికి పో అన్నా," అన్నారు.

డాక్టరు కడుపు నొక్కి చూశారు. తిండి, నీళ్లు, ఎప్పటినుంచి ఇట్లా, అన్నీ అడిగారు. "లోపల గట్టిపడి నిండిపోయింది. అది రాకుండా బిగబట్టేదానికే ఆ నిలబడ్డం. పక్కనుంచి నీళ్లలాగా కారేదే ఆ మరక. దానికి మీరు ఆపే మందు పోసినారు." తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత పిల్ల వైపు వంగి, "ఎందుకు ఆపుకుంటాండావు తల్లీ, నొప్పా?" అన్నారు.

తలూపింది. చిన్నగా అంది: "అమ్మ సెప్పింది. నేనొచ్చేదాకా మామ ఇంట్లో గలీజు సేయొద్దని."

మెత్తబడే మందు రాసిచ్చారు. కోప్పడకుండా, అన్నం తిన్నాక కాసేపు కూర్చోబెట్టమన్నారు. ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి, సంగతి చెప్పి, ఈరమ్మ చేతికిచ్చాం.

"మట్టికాళ్లతో లోపలికి పోవద్దంటి గానీ, దానికి కాదు కదమ్మా," అంది అక్క. "కూర్చో తల్లీ. నేనూ ఈడనే కూర్చుంటా."

రోజూ అదే వరస. ఈరమ్మ లోపల, ఫోను గడప మీద, అక్క గుంటూరు చేలో. చివరికి ఒకరోజు కార్యం జరిగింది. ఆ మాట విని అవతల కూలికొచ్చిన ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఈరమ్మ చేతులు కడుక్కొని వచ్చి చెప్పులు వేసుకుంది.

"యాడికి పాపా?"

"బస్టాండుకు. దొడ్డికి పోయినా కదా మామా. ఇంగ అమ్మ వస్తాది."

కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. పోయి అక్కడి బెంచీ మీద కూర్చున్నాం. కర్నూలు నుంచి బస్సు వచ్చినప్పుడల్లా ఈరమ్మ లేచి నిలబడి, దిగేవాళ్లందరినీ చూసి మళ్లీ కూర్చునేది. అక్క ఉగాది దాటాక గానీ రాలేదు.

ఆ రోజు ఆ బెంచీ మీదే, నిద్రపోయిన పిల్లను భుజానేసుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఏ పిల్లనైనా కళాకారిణి అని చాటే ముందు, దొడ్డికి పోయిందా లేదా అని అడిగి తీరుతాను.