రిజిస్టర్‌లో లేని పేరు

1942 ఎండాకాలం. విజయవాడను అప్పట్లో బెజవాడ అనేవాళ్లం. గవర్నరుపేటలో, రైల్వే స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక హోటల్లో నేను కౌంటర్ గుమాస్తాని. బయట ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’ అని బోర్డు ఉండేది. అంటే భోజనమూ బసా రెండూ అక్కడే. పద్నాలుగు గదులు. గదికో మంచం, దోమతెర, కరెంటు ఫ్యాను, పొద్దున్నే వేడినీళ్లు. వన్ టౌన్‌లో సరుకు కొనడానికి వచ్చే బట్టల వ్యాపారులు, కోర్టు పనుల మీద వచ్చే రైతులు మా దగ్గర దిగేవాళ్లు. మరీ గొప్ప హోటలూ కాదు, సత్రమూ కాదు.

దిగినవారి చేత రిజిస్టర్‌లో పేరు, ఊరు, వచ్చిన పని రాయించుకోవడం నా ఉద్యోగం. ఎనిమిదో నంబరు గదిలో దిగినాయన ‘పి. వెంకటరత్నం, రంగూన్’ అని రాశాడు. వచ్చిన పని దగ్గర ఖాళీ వదిలేశాడు. అడిగితే, “మా ఇంట్లోవాళ్లు రావాలండీ” అన్నాడు.

ఆయన రంగూన్‌లో ఒక బియ్యం మిల్లులో పనిచేసేవాడు. మిల్లు పని మీద కలకత్తా వచ్చి ఉండగా రంగూన్ మీద బాంబులు పడ్డాయి. తిరిగి వెళ్లడానికి ఓడ దొరకలేదు. భార్య, ఇద్దరు పిల్లలు ఇరుగుపొరుగువాళ్లతో కలిసి కొండదారిన నడిచి వస్తున్నారని తర్వాత కబురు తెలిసింది. కలకత్తాలో వెతికాడు, దొరకలేదు. మా ప్రాంతం వాళ్లెవరైనా బెజవాడలో దిగాల్సిందే కదా అని ఇక్కడికి వచ్చాడు. కలకత్తా వైపు నుంచి వచ్చే ప్రతి రైలుకూ స్టేషనుకు వెళ్లేవాడు. ప్లాట్‌ఫారం మీద కాందిశీకులకు గంజి పోసేవాళ్లకు మా హోటల్ పేరు చెప్పి ఉంచాడు. నాకొక ఫొటో కూడా చూపించాడు. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న నిండైన మనిషి, ఒళ్లో పాప, పక్కన నాలుగేళ్ల కొడుకు.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం, భోజనాల రద్దీలో, ఇద్దరు ఆడవాళ్లు వరండాలోకి వచ్చారు. ఒకామె ముసలిది. రెండో ఆమె ఎముకల గూడులా ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించేసి ఉంది, చంకలో పాప. ఇద్దరి చీరలూ చిరిగి, మట్టికొట్టుకుపోయి ఉన్నాయి. అడుక్కునేవాళ్లను వరండాలో నిలబడనివ్వొద్దని మా యజమాని గట్టిగా చెప్పి ఉన్నాడు.

“బాబూ, మేస్త్రి గారు ఇక్కడ దిగారంట. కాస్త పిలువు” అంది ముసలామె.

“ఏ మేస్త్రి? పేరు చెప్పు.”

ఆమె పక్కామె వైపు చూసింది. పక్కామె తల వంచుకుంది. “పక్కింటిదాన్ని, పేరు నాకు తెలవదు బాబూ. పెనిమిటి పేరు ఈ పిల్ల ఎట్టా చెబుద్ది?”

“పేరు తెలియకుండా ఎవర్ని పిలవమంటావు? మేస్త్రీలు ఇక్కడ దిగరు. పక్కకు జరుగు.”

ఆమె ఇంకేదో చెప్పబోయింది. నేను రిజిస్టర్ వైపు తిరిగాను. కాసేపటికి బందరు కాలువ పడవల రేవు ఎటని అడిగింది. చెయ్యి చూపించాను.

మూడు గంటలకు వెంకటరత్నం గారు స్టేషను నుంచి వచ్చి, గది ఖాళీ చేస్తానన్నాడు. సాయంత్రం మెయిల్లో మళ్లీ కలకత్తా వెళ్లి, అక్కడి నుంచి అస్సాం దాకా వెతుకుతాడట.

“నాకోసం ఎవరూ రాలేదుగదండీ?”

“లేదండీ. ఎవరో ఇద్దరు ఆడవాళ్లు మేస్త్రి కావాలని వస్తే పంపించేశాను.”

ఆయన కదలకుండా నిలబడ్డాడు. “మిల్లులో కూలీలంతా నన్నే మేస్త్రి అనేవాళ్లండీ.”

నేను కుర్చీలోంచి లేచాను. ఆయన అడిగాడు. “పిల్లలున్నారా వెంట?”

“చంకలో పాప ఉందండీ.”

“పిల్లాడు?”

“నేను చూసినంతలో పాప ఒక్కతే.”

కౌంటర్ వదిలేసి ఆయనతో జట్కా ఎక్కాను. రేవులో పడవ ఇంకా బయలుదేరలేదు. ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచి, పాపను ముసలామెకు అందించింది.

“బాబు?” అన్నాడాయన.

“కొండల్లో. జ్వరం వచ్చింది” అంది.

ఆయన అక్కడే రేవు మెట్ల మీద కూలబడ్డాడు. ఆవిడ పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

చాలాసేపటికి నేను దగ్గరకు వెళ్లాను. “తప్పయిపోయిందమ్మా. హోటలుకు రండి, గది ఉంది” అన్నాను.

“వద్దండీ, మా ఊరు వెళ్లిపోతాం” అంది. “మీరేం చేస్తారండీ? మా అవతారం చూస్తే ఎవరైనా అంతే.” ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

ఆయన పెట్టె తెచ్చిచ్చాను. చీకటి పడకముందే ముగ్గురూ పాపతో కలిసి పడవెక్కారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు కౌంటర్ దగ్గరే పనిచేశాను. ఎవరైనా ఫలానా మనిషి కావాలని వస్తే ముందు బల్ల చూపించి కూర్చోమనేవాణ్ని. మంచినీళ్లు ఇచ్చి, ఆ మనిషి ఎలా ఉంటాడు, మీకేమవుతాడు, మీరెక్కడి నుంచి వస్తున్నారు అని అడిగేవాణ్ని. రిజిస్టర్ ఆఖర్న తెరిచేవాణ్ని. అలా అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ మధ్యాహ్నం కూడా అంతే పట్టేది.