మా అత్తయ్య పెట్టిన కన్ను

ఆ రోజుల్లో అని నేను నోరు తెరిస్తే చాలు, మా ఇంట్లో వాళ్ళందరికీ ఒక్కసారే పనులు గుర్తుకొస్తాయి. పోనివ్వండి, మీరైనా కూర్చోండి. ఆ రోజుల్లో ఒక మనిషి చేత్తో ఒక వస్తువు చేస్తే మెచ్చుకునేవాళ్ళు తక్కువ, సరిదిద్దేవాళ్ళు ఎక్కువ. ఇప్పుడేమో ఏది చూపించినా "సూపర్" అనేసి, ఫొటో తీసుకుని, ఆ ఫొటో కూడా మళ్ళీ చూడకుండా పోతున్నారు. రెండింట్లో ఏది మేలో నాకు తేలలేదు గానీ, నన్ను సరిదిద్దినందుకు వచ్చిన కోపం మాత్రం నలభై ఏళ్ళయినా చల్లారలేదు. బూడిద కింద నిప్పులా ఉన్నదాన్ని పోయిన ఆదివారం బెజవాడలో చేతిపనుల ఎగ్జిబిషన్‌లో ఒక అమ్మాయి ఉఫ్‌మని ఊదింది.

కళ్ళజోడు పెట్టుకున్న చక్కటి పిల్ల. బల్ల మీద ఊలుతో అల్లినవీ, పూసలతో కుట్టినవీ, అట్టముక్కలతో అతికించినవీ రకరకాల బొమ్మలు పరిచింది. అన్నీ పాత వీడియో గేముల్లో ఉండేవే. నేను వంగి చూస్తుంటే జాలిగా, "అవి రెట్రో గేమ్స్ తాతగారూ, మీకు తెలిసుండవు" అంది. నాకు! నాకు తెలియవట! గవర్నర్‌పేటలో మొదటి వీడియో గేమ్ పార్లర్‌కి బోర్డు రాసిన చేతులివి. సరే, పిల్లకేం తెలుసు అని మింగాను. ఇంతలో బల్ల చివర ఊలుతో అల్లిన పసుపుపచ్చ గుండ్రటి నోరు కనపడింది. దానికి నల్లపూసతో కన్ను పెట్టి ఉంది. ఇహ మింగుడు పడలేదు.

"దీనికి కన్నెందుకు పెట్టావమ్మా?" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, పక్క స్టాల్‌లో పచ్చళ్ళమ్మే ఆవిడ గరిటె ఆపింది. ఆ పిల్ల ఏం జవాబు చెప్పిందో తర్వాత చెబుతాను. ముందు నా గోడు వినండి.

నాది మైలవరం. పదో తరగతి లెక్కలూ నేనూ ఒకర్నొకరు వదిలేసుకున్నాక (మిగతా చదువంతా పొట్లాం కాయితాల దగ్గర్నుంచి నాకు నేనే చదువుకున్నాను), బెజవాడలో మా మేనత్త ఇంట్లో ఉంటూ, గవర్నర్‌పేటలో బోర్డులు రాసే షాపులో చేరాను. అప్పుడే పక్క సందులో ఒక లాడ్జి మేడ మీద వీడియో గేమ్ పార్లర్ పెట్టారు. ఆటకింతని టోకెన్లు అమ్మే ఓనరుని ఊరంతా టోకెన్ బాబాయి అనేది. బోర్డు రాయడానికి మేడెక్కినవాణ్ణి, రాయడం అయిపోయినా దిగలేదు. నల్లటి తెర మీద నీలం గోడలు, మధ్యలో సందులు, సందుల నిండా గింజల్లాంటి చుక్కలు. ఒక పసుపుపచ్చ గుండ్రటి నోరు ఆ చుక్కల్ని తినుకుంటూ పోతుంటుంది. రంగురంగుల దయ్యాలు దాన్ని తరుముతుంటాయి. మూలనున్న పెద్ద చుక్క తింటే కథ తిరగబడుతుంది. దయ్యాలన్నీ భయంతో నీలంగా మారిపోయి అవే పారిపోతాయి. ఏం బుర్రండీ అది కనిపెట్టినవాడిది! ఆడటం నాకు చేతకాదు. నేను చూసేది బొమ్మని. కన్ను లేదు, ముక్కు లేదు, కాలు లేదు. ఉత్త నోరు. అయినా దానికి ప్రాణముంది. మేం షాపులో ఒక్కో మనిషి ముఖానికి అరడజను రంగులు పూసినా పీనుగులా ఉండేది!

దాన్ని చెక్కతో చెయ్యాలని బుద్ధి పుట్టింది. మైలవరం నుంచి వచ్చే బస్సు కొండపల్లి మీదుగానే వస్తుంది. దార్లో దిగి, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర బతిమాలి పొణికి కర్ర ముక్కలు తెచ్చుకునేవాణ్ణి. ఆ కర్ర పట్టుకుంటే బరువే తెలియదు. చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపి ముద్ద చేసి, ఒక చెక్క బోర్డు మీద గోడలు అతికించాను. సున్నం పూసి, ఆరాక రంగులు వేశాను. దయ్యాలకి ఒక వైపు ఎరుపు, గులాబీ లాంటి రంగులు, రెండో వైపు నీలం. తిప్పితే చాలు, తరిమేవాళ్ళు పారిపోయేవాళ్ళవుతారు (ఈ ఉపాయం నా సొంతం, ఎవర్నీ చూసి నేర్చుకోలేదు). వానాకాలమంతా మా మావయ్య నా మీద సణిగాడు, ఇల్లంతా రంపప్పొట్టేనని.

టోకెన్ బాబాయికి చెబితే, పళ్ళు కుట్టుకుంటున్న అగ్గిపుల్ల తీసి, "ఒరేయ్, తెర మీద ఎట్టా ఉందో అట్టాగే ఉంటే చెప్పు. మెట్లెక్కగానే కనపడేట్టు అద్దాల బీరువాలో పెడతా. నీ పేరు కూడా రాయించుకో. దసరా ఆఖరి రోజు వచ్చి చూస్తా" అన్నాడు. అద్దాల బీరువా! ఊళ్ళో సగం బోర్డులు నా చేత్తో రాసినవే, ఒక్కదాని మీదా నా పేరు లేదు. షాపు పేరే ఉండేది. ఆ బీరువాలో నా పేరు చూసుకోవాలని ఎంత తపించానో మీకెలా చెప్పను?

తెర మీద ఉన్నట్టే ఉండాలి. అంతే కదా షరతు. ఇక్కడే మా అత్తయ్య దిగింది.

అత్తయ్య ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టేది. ఆ ఏడు ఎలకలు అటక మీద పెట్టె కొరికి, గడ్డీ గుడ్డలతో చేసిన ఆవిడ పల్లెటూరి బొమ్మల్ని నాశనం చేశాయి. కింది మెట్టు బోసిగా ఉంది. నేను షాపు నుంచి వచ్చేసరికి నా గేము బోర్డు ఆ మెట్టు ముందుంది. ఉంటే ఉంది, బాబాయి వచ్చేదాకా నలుగురూ చూస్తారులే అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే, నా నల్లటి సందుల నిండా తడిమట్టి! గోడల వెంట ఆవాలు చల్లి ఉన్నాయి.

"అత్తయ్యా! ఏంటిది?" అని అరిచాను.

"చేలు రా. నువ్వు గట్లు బాగా పోశావు గానీ మట్టి మర్చిపోయావు" అంది, చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ. నీళ్ళండీ! పొణికి కర్ర మీద!

"అవి గట్లు కాదత్తయ్యా, గోడలు! ఇది వీడియో గేము. ఇవి దయ్యాలు, ఇదేమో..."

"నోర్ముయ్. నవరాత్రుల్లో అమ్మవారి ముందు ఆ పేరెత్తుతావా? గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలో నాట్లేసే వాళ్ళలా లేరూ? నడుం కింద బురదలో ఉండి కనపడట్లేదు. ఇదేమో చేలో పడి గింజలు తినే పిట్ట. తరుముతున్నారు. అంతేగా?"

అంతే. అంతే గానీ అది కాదు! రోషం పట్టలేక, పెద్ద చుక్క సంగతీ, నీలంగా మారడం సంగతీ, భయం సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మర్నాడు సాయంత్రం పేరంటం వేళకి చూస్తే దయ్యాలన్నీ నీలం వైపుకి తిరిగున్నాయి. నేను తిప్పేశాను. శనగల గిన్నె పుచ్చుకుని వస్తూ అత్తయ్య మళ్ళీ తిప్పింది. "పండగపూట పిట్టని తరమడమేంట్రా? నీలంగా ఉంటే వాళ్ళే వెనక్కి పోతారన్నావుగా." నేను మళ్ళీ తిప్పాను. పేరంటానికొచ్చిన పక్కింటి పిన్నిగారు వాయనం తీసుకోవడం మర్చిపోయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. "ఏవండీ, మీ మేనల్లుడికి పెళ్ళీడొచ్చినట్టుందే, బొమ్మలాటలేంటి ఇంకా?" అంది. నవ్వులు. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, ఆవిడ ఏమైందో తెలియదు గానీ.

దీనికే ఇంత మండితే, అసలు ఘోరం మూడో రోజు జరిగింది. షాపు నుంచి వచ్చి చూస్తే నా పసుపుపచ్చ నోటికి కన్నుంది. కాటుకతో, వేలితో దిద్దిన, బొటనవేలంత కన్ను!

"కన్ను లేని బొమ్మని కొలువులో పెడతారట్రా? అరిష్టం" అంది అత్తయ్య, నేను అడక్కముందే.

"తెర మీద దానికి కన్ను లేదత్తయ్యా! చేసినవాడే పెట్టలేదు!"

"వాడు మర్చిపోయుంటాడు. పాపం, కన్ను లేకపోతే దారెట్టా తెలుస్తుంది రా దానికి?"

మర్చిపోయాట్ట! సముద్రాల అవతల ఎక్కడో కూర్చుని అంత గేము కనిపెట్టినవాడు కన్ను మర్చిపోయాడనీ, వాడి తప్పుని ఈవిడ బెజవాడలో కాటుక భరిణెతో దిద్దిందనీ! తడిగుడ్డతో తుడిచాను. కాటుక నూనె పొణికి కర్రలోకి ఇంకిపోయింది. తుడిచినకొద్దీ కన్ను ఇంకా పెద్దదై నన్నే చూడసాగింది. ఆ పూట నేను అన్నం తినలేదు (ఫలహారం తిన్నాను, పులిహోర చేసింది).

ఆఖరి సాయంత్రం టోకెన్ బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని రానే వచ్చాడు. గుమ్మంలో అడ్డంపడి "లోపల కొంచెం మార్చారు..." అని నేను నసుగుతుండగానే కొలువు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆవమొక్కలు బెత్తెడు లేచి పచ్చగా ఊగుతున్నాయి. బోర్డు నీళ్ళకి ఉబ్బి ఒక మూల పైకి లేచింది. నీలం దయ్యాలు మొక్కల్లో నడుం లోతున ఉన్నాయి. మధ్యలో కాటుక కన్నేసుకుని నా నోరు.

"ఇది మన గేమేనట్రా?" అన్నాడు. నేను నేలలోకి దిగిపోయాను.

అత్తయ్య శనగలు చేతిలో పెడుతూ, "నువ్వేనా బాబూ ఆ ఆటలు పెట్టింది? ఒక్క మాట చెప్పు. ఈ గింజలన్నీ తినేశాక అదేం చేస్తుంది?" అంది.

"మళ్ళీ కొత్త గింజలొస్తాయండీ."

"అవీ తింటే?"

"మళ్ళీ వస్తాయండీ. ఈసారి తరిమేవాళ్ళు ఇంకాస్త స్పీడుగా వస్తారు."

"మరి ఇంటికెప్పుడు పోతుంది?"

టోకెన్ బాబాయి శనగలు నమలడం ఆపేశాడు. ఎవడూ అడగని ప్రశ్న. "ఇల్లు లేదండీ దానికి. పట్టుబడేదాకా అంతే" అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

కొలువు ఎత్తేముందు ఒక బొమ్మని పడుకోబెట్టి జోలపాడటం ఆనవాయితీ. ఏటా పైమెట్టు మీది రాజుగారి బొమ్మకే ఆ మర్యాద. ఆ రోజు అత్తయ్య హారతిచ్చి, చెయ్యి చాచి, రాజుగార్ని దాటి, కిందికి వంగి నా పసుపుపచ్చ నోటిని తీసుకుంది. కొంగుతో మట్టి తుడిచి, మెత్తటి గుడ్డ మీద పక్కకి ఒరిగేట్టు పడుకోబెట్టింది. "ఎంతసేపని పరుగెడుతుంది, కాస్త నిద్రపోనీ" అని జోల అందుకుంది. పేరంటాళ్ళంతా గొంతు కలిపారు. టోకెన్ బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వెళ్తూ గుమ్మంలో నా భుజం మీద చెయ్యేసి, "తెర మీద ఉన్నట్టు లేదురా. బీరువాలో పెట్టలేను" అన్నాడు. రెండు మెట్లు దిగి, ఆగి, "పెట్టినా, పడుకున్నదాన్ని లేపినట్టుంటుంది" అన్నాడు. నా పేరు రాయించుకునే యోగం అక్కడితో సరి. ఆ పార్లర్ పోయి ఇప్పుడక్కడ ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. అద్దాల బీరువా ఏ పాత సామాన్ల కొట్టుకి పోయిందో. అత్తయ్యా పోయింది. నేను మాత్రం ఆ రాత్రి కూడా ఆవిడతో మాట్లాడకుండా ముసుగు తన్ని పడుకున్నాను. న్యాయం నా వైపుంది. ఇప్పటికీ అంటున్నాను, దానికి కన్ను లేదు!

ఇంతకీ ఆదివారం నాటి ఆ పిల్ల ఏమందో చెప్పలేదు కదూ. అల్లిక సూది పక్కన పెట్టి, చాలా మామూలుగా, "కన్ను లేకపోతే దారెలా తెలుస్తుంది తాతగారూ, పాపం?" అంది.

అసలు గేములో ఏముంటుందో, ఏముండదో నించునే పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పచ్చళ్ళావిడ కూడా విన్నది. అంతా అయ్యాక ఆ ఊలుబొమ్మని కొనుక్కుని ఇంటికొచ్చాను. బీరువా పైఅరలో, పాత గుడ్డలో చుట్టిన చెక్కబొమ్మని తీశాను. పసుపు రంగు పెచ్చులూడింది. కాటుక కన్ను మాత్రం అలాగే ఉంది, వెలుతురుకి పట్టి చూస్తే, నా తడిగుడ్డ అంటని అంచున అత్తయ్య వేలిముద్ర గీతలతో సహా. రెంటినీ పక్కపక్కన పడుకోబెట్టాను. రెండూ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

అదీ నా కోపం! అంత శ్రద్ధగా జోలపాడి పడుకోబెట్టిన మనిషి, కన్ను పెట్టిన చేత్తోనే ఒక రెప్ప కూడా పెట్టొద్దూ? నలభై ఏళ్ళుగా అది మెలకువగానే పడుకుని ఉంది. ఆ రోజే అడగాల్సింది. కానీ అప్పుడు నేను కన్నే వద్దని పోట్లాడుతున్నాను.