గ్రేసక్కకి గేటు తాళం ఎందుకు తీశారని అడిగేవాళ్లకి

గ్రేసక్క ఇక లేదు.

నిన్న పొద్దున గ్రేసక్క కూతురు స్టెల్లా ఫోన్ చేసి "పిన్నీ, అమ్మ..." అని ఆగిపోయింది. గ్రేసక్క చర్చికి నడిచి వెళ్తూ రోడ్డు పక్కన కూలబడిపోయిందట. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

మొన్ననే కదా, చింతకాయ పచ్చట్లో మెంతులు వేయాలా వద్దా అని నాతో పోట్లాడింది!

తీరిగ్గా ఏడుద్దామంటే మన పాత పెరంబూరు క్వార్టర్స్ గ్రూప్ ఏడవనిచ్చిందా?

"ఎనభై దాటిన మనిషిని ఒంటరిగా ఎందుకు పంపారు?"

"గేటుకి తాళం వేసి ఉంచాల్సింది."

ఒకదాని మీద ఒకటి మెసేజులు. స్టెల్లా అవన్నీ చదువుకుని "అమ్మని నేనే చంపుకున్నాను పిన్నీ" అని ఏడుస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. గ్రేసక్క ఎలాంటిదో తెలియకుండా నోరు పారేసుకోకండి. ఇది చదివి, ఆ తర్వాత మాట్లాడండి.

యాభైలలో మాట. మా నాన్న, గ్రేసక్క నాన్న ఇద్దరూ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్లు. పక్కపక్క క్వార్టర్స్. నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. గ్రేసక్క అప్పుడప్పుడే ఓణీ వేస్తోంది.

తనకో తెల్ల పిల్లి ఉండేది. పేరు దొరసాని. తిండికి ఇల్లు, మిగతా టైమంతా ఊరి మీద షికారు.

దాని పుణ్యమా అని మా వరసలో పందికొక్కు అన్నది కనపడేది కాదు. బియ్యం మూట నేల మీద పెట్టుకున్నా భయం లేదు. కానీ వెనక గోడ దాటితే రైల్వే సైడింగ్, ఖాళీ పెట్టెలు నిలిపే పట్టాలు. పెట్టెల్ని అటూ ఇటూ లాగే షంటింగ్ ఇంజన్లు, ఊరకుక్కలు. దొరసాని ఆ గోడ దూకిందంటే చాలు, గ్రేసక్క ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది.

"కట్టెయ్‌మే దాన్ని! ఏదో ఒక దినం రైలు కింద పడి చస్తాది" అనేది మా అమ్మ.

"కట్టేస్తే ఏడస్తా ఉంటాది అత్తా. నా వల్ల కాదు" అనేది గ్రేసక్క.

దొరసాని మూడు పిల్లల్ని పెట్టింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా. అప్పుడు అడ్డుపడకూడదని మా క్వార్టర్స్ ఆడవాళ్లకి గట్టి పట్టింపు. అది పిల్లని నోట కరుచుకుని వస్తుంటే అందరూ పక్కకి తప్పుకుని దారిచ్చేవాళ్లు. ఓసారి మా కట్టెల మూల. ఇంకోసారి ఎదురింటి బట్టల బుట్ట. మా ఇంట్లో ఎక్కువ రోజులు ఉండలేదని మా అమ్మ అలిగింది కూడా!

ఉన్నట్టుండి ఏ ఇంట్లోనూ పిల్లలు లేవు. దొరసాని మాత్రం వచ్చి పాలు తాగి, గోడ దూకి పోతోంది. గ్రేసక్క గోడెక్కి చూస్తే, సైడింగ్‌లో నిలిపిన పాత బోగీలోకి దూరుతోంది.

ఆ బోగీ నెలల తరబడి అక్కడే పడి ఉంది. "పోనీలే, అదీ ఒక ఇల్లే అనుకో. అడ్డుపడొద్దు" అన్నారు అందరూ.

మర్నాడు పొద్దున గంజి తాగుతూ వాళ్ల నాన్న మాటల్లో అన్నాడు. "సైడింగ్‌లో ఆ పాత పెట్టెల్ని ఈ పొద్దు లాగేస్తా ఉండారు. అరక్కోణం పంపించేస్తారంట."

గ్రేసక్క చేతిలో గిన్నె వదిలేసి పరుగెత్తింది. వెనకే నేను.

మేం గోడ దూకేసరికి ఇంజన్ వచ్చి బోగీలకి తగులుకుంటోంది. "నువ్వు ఈడే ఉండు!" అని నన్ను నెట్టేసి గ్రేసక్క బోగీ ఎక్కేసింది. లోపల బల్లల కింద వెతుకుతున్న చప్పుడు వినపడుతోంది.

దడేల్‌మని ఒక కుదుపు.

బోగీ కదిలింది.

"అక్కా, దిగిపో! దిగిపో!" అని అరుస్తూ పక్కనే పరుగెత్తాను. కాళ్ల కింద కంకర జారిపోతోంది. చక్రాలు నా పక్కనే తిరుగుతున్నాయి.

"రెండు దొరికినాయి! ఇంకోటి ఆడ మూల్లో ఉండాది!" అంటుందే కానీ దిగదు!

ఇంక అయిపోయింది, అక్క చచ్చిపోతుంది అనుకున్నాను. ఆ భయం నాకు ఇవాళ్టికీ పోలేదు.

నా గోల విని షంటింగ్ చేయించే ఆయన ఎర్రజెండా ఊపాడు. బోగీ ఆగింది. గ్రేసక్క ఓణీలో మూడింటినీ మూటగట్టుకుని దిగింది. మోచేతి నిండా నెత్తురు. ఎదురుగా వాళ్ల నాన్న.

చెంప ఛెళ్లుమనిపించాడు. తర్వాత ఆయనే కూతుర్ని పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ రోజే దొరసానిని తాడుతో కట్టేశారు. కట్టింది ఎవరో కాదు, గ్రేసక్కే. అంత భయపడిపోయింది.

కొన్నాళ్లకే దొరసాని తిండి తగ్గించేసింది. గుమ్మం వైపు తిరిగి పడుకునేది. పందికొక్కులు మళ్లీ మొదలు. చివరికి ఆ తాడు విప్పింది కూడా గ్రేసక్కే. విప్పి, అది గోడ దూకి తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంది.

ఆ తర్వాత కొన్నేళ్లు హాయిగా తిరిగింది దొరసాని. ఒకరోజు ఇంటికి రాలేదు. పట్టాల పక్కన దొరికింది.

"చెప్తే వింటివా?" అంది మా అమ్మ.

 గ్రేసక్క రెండు రోజులు అన్నం తినలేదు. దొరసాని మూడు పిల్లల్లో ఒకటి ఆ ఇంట్లోనే పెరిగింది, అది తలుపు దగ్గర అరుస్తుంటే మాత్రం లేచి వెళ్లి గడియ తీసింది.

పిల్లికీ మనిషికీ పోలికేంటి అంటారా? పోలిక పెట్టింది నేను కాదు, గ్రేసక్కే.

పోయినేడు గ్రేసక్క బాత్రూంలో జారిపడితే, భయపడి స్టెల్లా గేటుకి తాళం వేసింది. అప్పుడు గ్రేసక్క నాకు ఫోన్ చేసి నవ్వింది. "బిడ్డ మీద కోపం లేదే సరోజా. నేనూ తాడు కట్టినదాన్నే గదా. ఆ భయం నాకు తెలీదా?"

స్టెల్లా తాళం తీసిన రోజు కూడా గ్రేసక్క ఫోన్ చేసింది. "మా స్టెల్లా గేటు తీసిందే! చర్చికి నేనే పొయ్యొచ్చినా!" ఎనభై ఏళ్ల మనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

స్టెల్లా, ఆ గొంతు నేను విన్నాను. గ్రూప్‌లో వాళ్లెవరూ వినలేదు. నువ్వు అమ్మని చంపలేదమ్మా. నువ్వెంత భయపడుతూ ఆ గేటు తీశావో మీ అమ్మకి తెలుసు.

వెళ్లిపోయావా గ్రేసక్కా. నీ ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.