న్యూజిలాండ్ కంటే ముందు కుప్పం: మా మోటార్‌హోమ్ రిహార్సల్

మా ఆయన జయరాజ్ మార్చి నెలకి న్యూజిలాండ్‌లో ఒక మోటార్‌హోమ్ బుక్ చేసేశారు. పడక, పొయ్యి, సింకు, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే పెద్ద వ్యాను అది. ఐదు వారాలు అందులోనే వండుకుని, అందులోనే పడుకుంటూ దేశమంతా తిరగాలి. మదనపల్లెలో ఒకే ఆసుపత్రిలో ఆయన ల్యాబ్‌లో, నేను వార్డులో నర్సుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాం. సొంత కారులో బెంగళూరు దాటి పోయిన వాళ్లం కాదు. అంత దూరం ఎందుకు, అందులోనూ వ్యానే ఎందుకు అని ఎన్నిసార్లు అడిగినా "పోతే తెలస్తాదిలే సుగుణా" అనేవారు.

ఏర్పాట్లు మొదలుపెట్టాక నా అయోమయం ఇంకా పెరిగింది. వ్యాను కంపెనీకి ఒక సందేహం రాస్తే, వాళ్ల జవాబు చదివాక మరో రెండు పుట్టేవి. మురికినీళ్లు ఎక్కడపడితే అక్కడ వదలకూడదట, వాటికి వేరే చోట్లు ఉంటాయట. మామిడికాయ ఊరగాయ తీసుకుపోవచ్చని ఒకరంటే, విమానాశ్రయంలోనే పారేయిస్తారని మరొకరు. రాగిపిండి సంగతి ఎవరికీ తెలియదు. ఆర్టీఓ ఆఫీసులో ఇద్దరికీ అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు వచ్చాయి, అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. నాకు అర్థమైనవి ఆ రెండే.

అప్పుడే పుంగనూరులో మునిరత్నం అనే ఆయన పాత టెంపో ట్రావెలర్‌ను అలాంటి వ్యానుగా మార్చి అద్దెకిస్తున్నాడని తెలిసింది. రోజుకి నాలుగు వేలు, డీజిల్ మనదే. పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయి, ఒక రాత్రి వ్యానులోనే పడుకుని వద్దామనుకున్నాం. పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కితే గంటలోపే పుంగనూరులో దిగాం.

మునిరత్నం సింకు కింద వంగి చూపించాడు. "ఇది మంచినీళ్ల వాల్వమ్మా. ఇది మురికినీళ్లది. ఆ మూలది గ్యాసుది."

"మూడూ ఒకే మాదిరి ఉండాయే?" అన్నాను.

"రెండు దినాలు వాడితే సేతికే తెలస్తాదిలే."

మాకున్నది ఒక్క దినమే. జయరాజ్ మాత్రం అన్నిటికీ తల ఊపారు.

పలమనేరు దాకా నేనే నడిపాను. మలుపు తిరిగినప్పుడల్లా వెనక గిన్నెలు జారి దబదబమనేవి, ఏం పడిందో తెలిసేది కాదు. వి.కోటలో జయరాజ్ ఫోను చూస్తూ నోటితో ఎడమ అని, చేత్తో కుడి చూపించారు. "మాట వినాలా, చెయ్యి చూడాలా?" అంటే ఆయనకు కోపం వచ్చింది. అక్కడినుంచి ఆయనే నడిపారు.

కుప్పం ఇంకా కొంచెం దూరముందనగా ఒక పల్లె దారిలో నీడ చూసి ఆపారు. కాస్త ముందు, దారి పల్లంలో ఎవరో ఉలవలు ఆరబోశారు. నేను ఉప్మా చేసి మూతపెట్టి, మిగతా గిన్నెలు కడిగాను. మురికినీళ్లు బయటికి పోకుండా మూసేస్తానని ఆయన వంగి ఒక వాల్వు తిప్పారు. కాసేపటికి బయటినుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరప్పా బండిలో? నీళ్లు నిలపండి. ఉలవలు తడస్తాండాయి."

మూసి ఉన్నదాన్నే ఆయన తెరిచేశారు. సబ్బునీళ్లు పల్లానికి పారి సగం ఉలవల్లోకి చేరాయి. దిగి చూస్తే నా వయసామె, కొంగు బిగించి తడిసినవాటిని పక్కకి లాగుతోంది. పేరు నాగమ్మ.

"రేపు సంతకి ఎత్తుకోని పోవాల్సినవమ్మా. సబ్బు వాసనొస్తే ఎవురు కొంటారు?" అంది. తిట్టి ఉంటే నయమనిపించింది.

నానకముందే కడిగేద్దామన్నాను. వ్యానులో ఉన్న మంచినీళ్లన్నీ బిందెలతో దించి, ఆమె గంపలో పోసి గబగబా కడిగాం. న్యూజిలాండ్ కోసం కొన్న కొత్త దుప్పట్లు పరిచి వాటిమీద ఆరబోశాం. ఎండ జరిగేకొద్దీ దుప్పట్లు జరుపుతూ, జయరాజ్ మోకాళ్లమీద కూర్చుని చేత్తో ఉలవలు తిరగేస్తూ ఉన్నారు.

కోపం తగ్గాక నాగమ్మ అడిగింది. "మీకు ఇల్లు లేదామ్మా?"

"ఉండాది."

"మరి బండిలో ఉండేది యాల?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన తలెత్తలేదు. "ఈమెకు నైట్ డ్యూటీ అయితే నాకు పగలు, నాకు నైట్ అయితే ఈమెకు పగలు. ముప్ఫై ఏండ్లు అట్లనే పోయింది. ఇప్పుడు ఇంట్లోనే ఉండాము, అయినా ఆ అలవాటుకి ఆమె ఒక రూములో, నేనొక రూములో. బండిలో రెండో రూము ఉండదు కదమ్మా."

"ఆ మాట నాకా సెప్పేది? ఆమెకు సెప్పప్పా," అంది నాగమ్మ.

నేను వంగి దుప్పటి అంచు పట్టుకుంటే, రెండో అంచు ఆయన పట్టుకున్నారు. ఇద్దరం కలిసి ఎండలోకి జరిపాం.

పొద్దువాలే ముందు నాగమ్మ ఒక గింజ కొరికి చూసి, "పరవాలేదు, సంతకి పనికొస్తాయి," అంది. చల్లారిపోయిన ఉప్మా ముగ్గురం పంచుకుని తిన్నాం. నీళ్లు అయిపోయాయి, దుప్పట్లనిండా దుమ్ము. రాత్రి పడక మాట వదిలేసి, కుప్పం వెళ్లి టీ తాగి, పుంగనూరుకి తిరిగొచ్చేశాం.

ఇలాంటి ప్రయాణం అనుకుంటున్నవాళ్లకి ఒక్క మాట: వ్యాను తీసుకునేటప్పుడు నీళ్ల వాల్వుల కింద బకెట్ పెట్టి, ఒక్కోటి మీ చేత్తోనే తెరిచి మూసి చూడండి, ఒక్కోదానికి ఒక్కో రంగు గుడ్డ కట్టండి. తల ఊపి రావద్దు.

ఊరగాయ సంగతి నాకింకా తేలలేదు. రాగిపిండీ అంతే. అయితే న్యూజిలాండ్‌లో తిరగాలని మేం వేసుకున్న దారిని సగానికి కుదించాం. చూడాల్సినవి చాలా పోయాయి, నాకు దిగులు లేదు. కుప్పం నుంచి వచ్చిన మర్నాడు జయరాజ్ తన గదిలోని దిండు తెచ్చి నా మంచం మీద పెట్టారు. ఏమిటని అడిగితే, "ప్రాక్టీసు" అన్నారు. నేను కొంచెం గోడవైపు జరిగాను.