ఎంటర్ కొట్టే ముందు

మా ఆఫీసులో పక్క సీటాయన ఎంటర్ మీట టకటకా కొట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ చప్పుడుకు మూర్తి సార్ గుర్తొస్తారు, అంతే.

ఇబ్రహీంపట్నం చుట్టూ చేనుకొక ఇంజనీరింగ్ కాలేజీ లేచిన రోజులవి. మా చేనూ అలాగే ఒక కాలేజీ కింద పోయింది. "ఇంట్ల ఒకరికి పర్మనెంటు నౌకరీ ఇస్తం" అని చైర్మన్ అన్న మాట మీద బాపు సంతకం పెట్టాడు. నన్ను కంప్యూటర్ ల్యాబులో టెంపరరీగా వేసుకున్నారు. ఆ ల్యాబుకు మూర్తి సారే పెద్ద. కోస్తా నుంచి వచ్చి మీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నారు. రోజూ కాలేజీ బస్సులో వచ్చేవారు. సర్వర్లను నడిపే లినక్స్ నాకు నేర్పింది ఆయనే. గొంతు పెంచకుండా, విసుక్కోకుండా నేర్పారు. ఆ మాట దాచను.

ఒకసారి సర్వర్‌కు కొత్త కెర్నల్ తయారు చేయాల్సి వచ్చింది. కెర్నల్ అంటే మిషనును నడిపే అసలు ప్రోగ్రాం. మన మిషనుకు తగ్గట్టు దాన్ని కట్టుకోవాలంటే వందల ప్రశ్నలకు జవాబులివ్వాలి. సార్ పాత జవాబుల ఫైలును తెచ్చి కొత్తదానిలో పెట్టించారు. "పాతవి మళ్ళీ అడగదమ్మా. కొత్తగా వచ్చినవే అడుగుతుంది," అన్నారు. నేను హుషారుగా, అడిగినదానికల్లా చదవకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. కొత్త కెర్నల్‌తో మిషను లేవలేదు. దాని హార్డ్ డిస్కే దానికి కనబడలేదు. సార్ పాత కెర్నల్‌తో లేపి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఈ డిస్కును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తదానిలో మారింది. అది కావాలా అని అడిగింది నిన్ను. నువ్వేమీ చెప్పకపోతే వద్దనే రాసుకుంటుంది. ఖాళీ ఎంటర్ కూడా జవాబేనమ్మా."

ల్యాబుకు పర్మనెంటు పోస్టు వచ్చాక చైర్మన్ మా ఇద్దర్నీ పిలిచారు. ఆయన మేనల్లుడు అప్పటికే అక్కడ కుర్చీలో ఉన్నాడు. "ఏం సార్, ఈ పిల్లతోటి అయితదా, మావోణ్ణి పెట్టుకుందామా?" అని అడిగారు. నేను మూర్తి సార్ ముఖంలోకే చూస్తున్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "మీ ఇష్టమండి," అన్నారు.

బయటికి రాగానే ఆపాను. "ఒక్క మాట చెప్తే ఏం పోతుండె సార్?"

"వాళ్ళు ముందే అనుకున్నారమ్మా."

"మరి మిమ్మల్నెందుకు అడిగిండ్రు?"

బస్సుకు టైమైందన్నారు. మర్నాడు ఆ మేనల్లుడికి పని నేర్పమని సార్ నాకే పురమాయించారు. ఇంట్లో బాపు కంచం ముందు కూర్చుని, "చేనూ పాయె, నౌకరీ పాయె," అన్నాడు. ఆ నెలాఖరుకు నేను మానేశాను.

ఆయన నేర్పిన పనితోనే ఇవాళ తింటున్నాను, అందుకే ఇంకా మంట. ఒక మనిషి గురించి నన్నెవరైనా అడిగితే "మీ ఇష్టం" అనను. పని వస్తుందనో రాదనో తేల్చి చెప్తాను. అది ఆయన పెట్టిన అలవాటే. కొత్త కెర్నల్ కట్టిన ప్రతిసారీ పాత జవాబులు జాగ్రత్తగా తెచ్చి పెట్టుకుంటాను, ఆయన చూపించినట్టే. ఆయన మీద కోపమూ వాటితోపాటే వస్తోంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అని నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు.