పెనాల్టీ ముందు కూర సంగతి

మా ఫుట్‌బాల్ జట్టంతా కాకా అని పిలిచే పెద్దాయన చనిపోయారు. సౌదీలోని యాన్బులో నిన్న డ్యూటీ దిగి క్యాంపు బస్సు ఎక్కుతుంటే జగిత్యాల నుంచి ఆయన భార్య ఫోన్. మేమంతా చిన్నమ్మా అని పిలుస్తాం. "పోయిండు బిడ్డా. ఆపరేషన్‌కు తీస్కపోకముందే పోయిండు" అంది. మొన్ననే కదా ఆయనతో మాట్లాడి నవ్వాను! ఆ నవ్వుకూ ఈ కబురుకూ నాకింకా పొంతన కుదరడం లేదు.

ఆయన మా కంపెనీలో పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. సెలవురోజు శుక్రవారం వచ్చిందంటే మా తెలుగువాళ్ల జట్టుకు మేనేజర్. ఆటలో ఆయనకు ఏం తెలుసో ఇప్పటికీ నాకు అనుమానమే. ఆఫ్‌సైడ్ ఇస్తే "ముందల నిలవడితే తప్పేంది?" అని రెఫరీ మీదికి వెళ్లేవారు. మాలో ఎవరైనా బిగుసుకుపోతే "మొహం గట్ల పెట్టకురా, బాల్ భయపడ్తది" అనేవారు. ఆ మనిషికి భయమన్నదే లేదని మా అందరి నమ్మకం. దానికి కారణం ఓసారి మేమాడిన టోర్నమెంట్ ఫైనల్.

ఎదురుగా మలయాళీల జట్టు. మీకు క్రికెట్ చాలదా అని నవ్విన జనమంతా గ్రౌండ్ చుట్టూ చేరి నీళ్ల డబ్బాలు వాయిస్తున్నారు. ఆ గోలకు రెండు జట్లకూ మతులు పోయాయి. వాళ్ల గోల్‌కీపర్ చేతిలో పడ్డ బంతిని తన గోల్లోకే జారవిడిచాడు. మావాడు ఒకడు కంగారులో మా గోల్లోకే కొట్టాడు. ఒకటికి ఒకటి. ఆఖరి నిమిషంలో మాకు పెనాల్టీ. కొట్టాల్సింది నేను. కొడితే కప్పు మాది. అరుపులకు చెవులు గింగురుమంటున్నాయి, బంతిని పెట్టిన చోటే మళ్లీ మళ్లీ తీసి పెడుతున్నాను. అప్పుడు నీళ్ల సీసాతో కాక లోపలికి పరుగెత్తుకొచ్చారు.

"ఇయ్యాల కూరేం వండినవ్‌రా?"

"ఏంటి కాకా?"

"కూర. వండలేదా?"

"బెండకాయ పులుసు. ఇప్పుడదెందుకు కాకా?"

"ఉప్పు సరిపోయిందా?"

రెఫరీ ఆయన్ని బయటికి పంపించేశాడు. ఉప్పు గురించి ఆలోచిస్తూనే తన్నాను. గోల్!

ఏం తెలివి, ఏం కిటుకు అని అందరూ ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. ఎందుకలా అడిగారంటే మాత్రం "ఊకెనే అడిగిన" అనేవారు. ఆ తర్వాత ఎవరు పెనాల్టీకి నిలబడినా కూరేంటని అడగడం మా జట్టుకు ఆనవాయితీ అయిపోయింది.

ఉద్యోగం మానేసి, ఎగ్జిట్ పెట్టి ఇంటికి వెళ్లాక ఆయనకు గుండె జబ్బు బయటపడింది. మొన్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. బాగోగులేవీ అడగలేదు, చెప్పలేదు. "ఇయ్యాల కూరేం వండినవ్ బిడ్డా?" అన్నారు. నేను నవ్వేసి, "పెనాల్టీ ఎవరికి కాకా?" అన్నాను. ఆయనా కొంచెం నవ్వారు. "ఉప్పు సూస్కో" అని పెట్టేశారు.

నిన్న చిన్నమ్మకు ఈ మాట చెప్పాను.

"మీ కాకకు గుండె దడ పుడితే గదే అడుగుతడు బిడ్డా. నా కాన్పప్పుడు గూడ మా అమ్మను కూరేం వండిన్రని పదిసార్లడిగిండు."

మరి ఆ రోజు గ్రౌండ్‌లోకి వచ్చింది నా దడ తగ్గించడానికా, తన దడ ఆపుకోలేకా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. మొన్నటి ఫోన్ సంగతి మాత్రం తేలిపోయింది. అది తట్టుకోలేకపోతున్నాను.

గదికొచ్చి ఇవాళ బెండకాయ పులుసే పెట్టాను. ఉప్పు చూద్దామని గరిటెతో తీసి నాలుక మీద వేసుకున్నాను. మళ్లీ వేసుకున్నాను. సరిపోయిందో లేదో తెలియడం లేదు.