ఆకాశంలో చెరకు లారీలు

ఆ రోజుల్లో, అంటే మా ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొత్తలో, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్ళకు తెలియని సంగతంటూ ఉండదని మా ఇంట్లో నమ్మకం. రాజధాని సువాలో చదువు ముగించి మా ఊరు 'బా'కు తిరిగొచ్చిన నాకూ ఆ నమ్మకం బాగానే తలకెక్కింది. రేడియోలో ఇంగ్లీషు వార్తలు రాగానే ఇంటిల్లిపాదీ నా మొహంకేసి చూసేవారు. విమానం వేగాన్ని 'నాట్ల'లో చెబితే అది సముద్రపు మైళ్ళ లెక్క అనీ, 'హెడింగ్' అంటే విమానం ముక్కు ఏ దిక్కుకు ఉందో చెప్పడమనీ గొంతు సవరించుకుని మరీ వివరించేదాన్ని. (అప్పటికి నేను విమానాన్ని దగ్గరగా చూసింది కూడా లేదు.)

ఒకసారి మా పెదనాన్న ఆక్లండ్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుని వస్తున్నాడు. చూపు పోయి ఏళ్ళయిన మనిషి. కట్లు విప్పారనీ, ఫిజీలో దిగాక మొట్టమొదట అమ్మ మొహమే చూస్తాననీ కబురు పెట్టాడు. ఆ అమ్మ, అంటే మా అవ్వ, పొద్దున్నే తలంటుకుని కొత్త చీర కట్టుకుంది. తీరా బయలుదేరబోతుంటే రేడియోలో వార్త: నాందీ విమానాశ్రయం మీద కుంభవృష్టి, వచ్చిన విమానాలు 'హోల్డింగ్ ప్యాటర్న్'లో ఉన్నాయని. అవ్వ భయంగా నాకేసి తిరిగింది. నాకూ భయమేసింది కానీ, చదువుకున్నదాన్ని, పైకి కనబడకూడదు కదా.

"ఏం భయం లేదవ్వా. మిల్లు గేటు దగ్గర చెరకు లారీలు లైన్లో ఉంటాయి చూడు, అట్లాగే. పైన గుండ్రంగా తిరుగుతూ, వంతు రాగానే దిగుతాయి."

ఇందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కానీ మిల్లు లైను సంగతి మావాళ్ళకు నాకన్నా బాగా తెలుసు: పొద్దున వెళ్ళిన లారీ మర్నాటికి గాని ఖాళీ అయ్యేది కాదు. అవ్వ నింపాదిగా కొత్త చీర మార్చి మడత పెట్టింది.

"అట్లయితే ఇప్పట్లో దిగడు. చలో, రోటీ, కోడికూర చేసి పట్టుకుపోదాం. ఆకలితో ఉంటాడు బిడ్డ."

లారీ తోలే మా బాబాయి అనుభవం కొద్దీ తలూపి, చాప పరుచుకుని పడుకున్నాడు.

మేం నాందీ చేరేసరికి పొద్దు వాలింది. విమానం మధ్యాహ్నమే దిగిందట. వరండా బెంచీ మీద పెదనాన్న కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. పాస్‌పోర్టు దగ్గర ఆఫీసరు బతిమాలినా తెరవలేదట. ఎవరో పుణ్యాత్ముడు చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చి కూర్చోబెట్టాడు. అవ్వ ఎదురుగా వెళ్ళి గడ్డం పట్టుకుంది. ఆయన కళ్ళు తెరిచి చాలాసేపు చూశాడు.

"ఎంత ముసలిదానివైపోయావమ్మా."

"నీకోసం లైన్లో ఉండుండే ఇట్లా అయినాను నాయనా."

నాకు ఏడుపాగలేదు. (కోడికూర చల్లారిందని బాబాయి గొణుగుతూనే ఉన్నాడు.)

ఇప్పుడు నేనెక్కిన విమానం నాందీ మీద చక్కర్లు కొడితే పక్కవాళ్ళు విసుక్కుంటారు. నేను మాత్రం కింద చెరకు తోటలు చూస్తూ, అన్నీ తెలిసిన ఆ పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. దిగాక నా మొహం కోసం కళ్ళు మూసుకుని, మూసుకోకపోయినా సరే, ఎవరైనా ఎదురుచూస్తుంటే బాగుండుననిపిస్తుంది.